సోమవారం ఓడకి ముందు మూడు రోజులు

కచాల్,
ఫిబ్రవరి 3

వదినా,

అందరూ క్షేమమా అని అడగడానికి కూడా భయంగా ఉంది.

ఈ మారుమూల దీవిలో టవరు మీద పిడుగు పడ్డాక ఫోను పేరుకే మిగిలింది. జెట్టీ చివరికెళ్ళి ఆకాశానికి చూపిస్తే ఒక గీత సిగ్నల్ వస్తుంది. మొన్న అన్నయ్య "నాన్న రిపోర్టు వచ్చింది" అన్నాడు. "ఏమొచ్చింది?" అన్నాను. అంతే, గీత పోయింది. ఓడలో నీ ఉత్తరం అందేదాకా అన్నం సయించలేదు. చదివాక అసలు సయించడం లేదు.

నాకు అర్థమైంది మళ్ళీ రాస్తాను, తప్పైతే చెప్పు. నాన్న గొంతులో ఉన్నది కేన్సరు. ఆపరేషను వైజాగ్‌లో. మాట పుట్టే చోటంతా తీసేసి, ఊపిరికి మెడ మీద దారి చేస్తారు. ప్రాణం దక్కుతుంది, మాట దక్కదు. పదిహేడో తారీఖు సోమవారం హాడో జెట్టీ నుంచి వైజాగ్ ఓడ. అమ్మా, అన్నయ్యా కూడా వెళ్తారు. నువ్వు కడుపుతో ఉన్నావు కాబట్టి ఇంటిపట్టున ఉంటావు.

ఒక్క కేకతో ముఠా మొత్తం చేత బస్తాలెత్తించిన కళాసీ తాతబ్బాయికి ఈ జబ్బే రావాలా? నేను ఓడ దిగిన ప్రతిసారీ జెట్టీ అవతలి నుంచి "భానూ... ఊ..." అని పిలిచేవాడు. నా పక్కవాళ్ళు తలలు తిప్పి చూస్తే సిగ్గుతో సంచీ మొహానికి అడ్డం పెట్టుకునేదాన్ని.

ఇప్పుడు నా భయం సోమవారం గురించి కాదు, దాని ముందు మూడు రోజుల గురించి. శుక్రవారం డెలానీపూర్‌లో కుర్రాళ్ళు తెర కట్టి సినిమా వేస్తారట. శనివారం డాలీగంజ్‌లో హార్డ్‌వేర్ షాపు గోపీచంద్ గారి కొడుకు పుట్టినరోజు. ఆదివారం మన ప్రోతరాపూర్ గ్రౌండులో డాలీగంజ్ జట్టుతో ఫుట్‌బాల్ ఫైనలు. అదే రాత్రి టీవీలో ఇండియా క్రికెట్ మ్యాచ్. నాన్న ఇందులో ఏ ఒక్కటైనా నోరు మూసుకుని చూశాడని ఎవరైనా చెప్తే నేను నమ్మను. గొంతు మీద ఒత్తిడి పడితే వాచిపోయి ఊపిరి మూసుకుపోవచ్చని డాక్టరమ్మ చెప్పిందని నువ్వే రాశావు. కాబట్టి సినిమా లేదు, పార్టీ లేదు, గ్రౌండు లేదు. టీవీ రిమోటు బియ్యం డబ్బాలో దాచెయ్.

మా స్కూలు నర్సు బేబీరాణి సెలవు మీద వస్తోంది. ఆమెతో ఒక పలకా, బలపాలూ పంపుతున్నాను. మాట పోయేలోపు నాన్న నాలుగు మాటలు రాయడం నేర్చుకోవాలి. నీళ్ళు, అన్నం, నొప్పి. నేను ఇక్కడ ఆరేళ్ళ పిల్లలకి నేర్పుతున్నాను, నాన్నకి రాకపోవడమేంటి?

నీ మరదలు
భాను

*

ప్రోతరాపూర్,
ఫిబ్రవరి 8

చిరంజీవి భానుకి వదిన దీవెనలు.

దీవెనలంటే నవ్వకు. నీకంటే రెండేళ్ళే పెద్దదాన్నిగానీ, పొట్ట ముందుకొచ్చాక ఎవరు కనబడినా దీవించాలనిపిస్తోంది.

పలక అందింది. మావయ్య చేతిలో పెట్టి నువ్వు చెప్పినట్టే చెప్పాను. దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. బలపం ఖైనీలా రెండు వేళ్ళ మధ్య నలిపాడు. రెండు నిలువు గీతలు గీసి, మీద ఒక అడ్డగీత పెట్టి, "ఇదేటో సెప్పు" అన్నాడు.

"ఏ అక్షరం మావయ్యా?"

"అచ్చరం కాదే, గోలు పోస్టు. కీపరు లేడు. ఏసెయ్ గోలు."

మీ అన్నయ్య నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నాడు. నేనూ నవ్వాను. అత్తయ్య నవ్వలేదు. గిన్నెలు కడుగుతూ వెనక్కి తిరక్కుండా, "ఆయన రాత్తే నానెలగ సదవాలే?" అంది.

భానూ, ఆ మాట నాకూ తట్టలేదు, నీకూ తట్టలేదు. మావయ్య నేర్చుకుని హిందీలో రాస్తే నాకు చదవడం రాదు. తెలుగులో రాస్తే మీ అన్నయ్యకి రాదు. ఏది రాసినా అత్తయ్యకి రాదు. రాత్రిపూట దాహమేస్తే ఆయన లేపేది అత్తయ్యనే. పలక దేవుడి పటం పక్కన పెట్టాను. నిన్ను కాదనడానికి కాదు, ఉన్నది చెప్తున్నాను, కోపం తెచ్చుకోకు.

ఇంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. మావయ్య ఓడ ఎక్కనంటున్నాడు. మొన్న రాత్రి అన్నం దగ్గర మీ అన్నయ్యతో అన్నాడు. "నోరు మూసుకుని బతకమంటే బతుకుతాన్రా. గోలు పడినప్పుడు కూడా మూసుకోమంటే ఎలగరా? మూగోడిలాగ తిరిగొచ్చే కంటే ఇక్కడే అరుసుకుంటా పోతాను." తర్వాత కంచం తోసేసి వెళ్ళి పడుకున్నాడు. మీ అన్నయ్య బయట ఆటోలో కూర్చుని ఏడ్చాడు. నేను చూశానని తనకి తెలియదు, నువ్వూ చెప్పకు.

టీవీ సౌండ్ తీసేశాం. దాంతో కామెంటరీ కూడా ఆయనే చెప్పడం మొదలెట్టాడు, హిందీలో.

సోమవారం ఆయన్ని ఓడ ఎక్కించే పూచీ నాది. ఎలాగన్నది అడక్కు. వేళకి తిను.

మీ వదిన
సాయిలక్ష్మి

*

కచాల్,
ఫిబ్రవరి 11

బంగారు వదినకి,

నీ ఉత్తరంలో చివరి నాలుగు ముక్కలు మూడుసార్లు చదివాను. పూచీ నాది అన్నావు. ఆ రాత్రి నిద్రపట్టింది.

అమ్మ అన్న మాట గుచ్చుకుంది. నిజమే. మే నెల సెలవుల్లో వచ్చినప్పుడు అమ్మకి కూడా నేర్పుతాను. ఇద్దరికీ ఒకే పలక చాలు. ఈలోపు నాన్న చేత తెలుగు అక్షరాలే దిద్దించు, నువ్వు చదివి అమ్మకి చెప్పొచ్చు.

ఇక్కడ పిల్లలు "టీచర్, మీ పాపాకి క్యా హువా?" అని నాన్న సంగతి అడుగుతున్నారు. గొంతు నొప్పి అన్నాను. ఒకడు మర్నాడు లేత కొబ్బరికాయ తెచ్చి, "ఓడలో పంపండి, గొంతుకి మంచిది" అన్నాడు. ఆ కాయ నా బల్ల మీదే ఉంది. పంపే లోపు ముదిరిపోతుందేమో.

నీ మీద భారం పెడుతున్నానని తెలుసు. అన్నయ్యని నమ్మలేను. బాలు గాల్లోకి లేస్తే వాడికి ఇల్లూ వాకిలీ గుర్తుండవు. నాన్నకి తగ్గ కొడుకు. నువ్వు సముద్రం అవతల బారువ నుంచి వచ్చావు కాబట్టి ఆ పిచ్చి నీకు అంటలేదు. శుక్రవారం నుంచి నాన్నని గడప దాటనివ్వకు. అరిచినా, అలిగినా, తిండి మానేసినా సరే. మూడు రోజులు. ఆ తర్వాత ఆయన నన్ను ఎన్ని తిట్టినా పడతాను.

తిట్టలేడు కదా. రాశాక గుర్తొచ్చింది.

నీ
భాను

*

ప్రోతరాపూర్,
ఫిబ్రవరి 14, శుక్రవారం

భానూ,

తొందరగా రాస్తున్నాను. మన వీధి రాముడు మీ పక్క దీవి కమోర్తాలో రోడ్డు పనికి వెళ్తున్నాడు, గుమ్మం దగ్గర నిలబడి "దీదీ, జహాజ్ ఛూట్ జాయేగా" అని ఓడ తప్పిపోతుందని తొందరపెడుతున్నాడు.

నీ ఉత్తరం ఇందాకే అందింది. నువ్వు అడిగింది నేను చెయ్యడం లేదు. అది నీకు నా నోటి నుంచే తెలియాలి.

బుధవారం మావయ్య నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. "అమ్మీ, నువ్వు నా కోడలివి, కూతురివీ. బేరం సెప్తాను ఇను. సుక్కురం, సెనోరం, ఆదోరం నన్ను నా లెక్కన ఒదిలియ్యండి. సినిమా, పార్టీ, ఆట, టీవీ, అన్నీ. సోమారం నా అంతట నాను ఓడెక్కుతాను. కోసుకుంటారో, కొరుక్కుంటారో." అత్తయ్య మెడ మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. అత్తయ్య మెడ మీద ఆయన ఇదివరకెప్పుడూ ఒట్టెయ్యలేదట.

నేను పిచ్చిదాన్ని కాదు. మర్నాడే ఆసుపత్రికెళ్ళి డాక్టరమ్మని అడిగాను. ఆమె బాగా తిట్టింది. చివరికి, మాట ఎలాగూ పోయేదే, భయమంతా ఊపిరిది అంది. ఊపిరి తీస్తే ఈల శబ్దం వచ్చినా, రక్తం పడినా ఆ క్షణమే తీసుకురమ్మంది. మీ అన్నయ్య మూడు రోజులూ ఆటో దగ్గరే ఉంటాడు. మ్యాచ్ కూడా ఆటోలోంచే చూస్తాడు, నాకు మాటిచ్చాడు.

గదిలో పెట్టి తాళం వేస్తే మూడు రోజులు ఉంటాడు. సోమవారం తాళం తీశాక ఓడ వైపు నడవడు. నేనేం చెయ్యను చెప్పు.

రాముడు అరుస్తున్నాడు. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ

సాయి

*

కచాల్,
ఫిబ్రవరి 19

శ్రీమతి సాయిలక్ష్మి గారికి,

బేబీరాణి నిన్న వచ్చింది. మీ దగ్గర నుంచి ఉత్తరం ఏదీ తేలేదు. కళ్ళతో చూసింది మాత్రం చెప్పింది.

శనివారం డాలీగంజ్‌లో పుట్టినరోజు విందుకి ఆమె కూడా వెళ్ళిందట. మా నాన్న బిర్యానీ వడ్డించే చోట కుర్చీ వేసుకుని కూర్చుని, "ఏ, లెగ్ పీసు కీపరుకెయ్యండి, రేపు ఆడికి కాలు కావాల!" అని అరుస్తున్నాడట. పిల్లల మధ్య నిలబడి జెట్టీ పాట పాడాడట. ఓడ సంగతి ఎవరో అడిగితే, "ఏ ఓడ? ఎవుడెక్కుతాడు?" అని అందర్నీ నవ్వించాడట.

ఆదివారం ఆమె తమ్ముడు డాలీగంజ్ జట్టులో ఆడుతున్నాడని గ్రౌండుకి వచ్చింది. సగం ఆటయ్యాక మా నాన్న అరుస్తూ అరుస్తూ ఒక్కసారి ఆగిపోయాడట. మెడ పట్టుకుని కూలబడ్డాడట. తువ్వాలు మీద రక్తం. జనం మూగి ఈమెకి దారి దొరకలేదు. ఈమెకి ఓడ వేళయింది, బస్సు ఎక్కేసింది. అక్కడితో ఆమెకి తెలిసింది అయిపోయింది. నాకు తెలిసిందీ అంతే.

మూడు రోజులైంది. మా నాన్న ఉన్నాడో లేడో నాకు తెలియదు. పొద్దున్న, సాయంత్రం జెట్టీ చివర ఫోను పట్టుకుని నిలబడుతున్నాను. ఇక్కడ పోలీసు వైర్‌లెస్ ఉంది, అందులో చావు కబుర్లే వస్తాయి. స్కూలు గేటు దగ్గర ఖాకీ రంగు కనిపిస్తే నా చేతిలో సుద్దముక్క విరిగిపోతోంది. పిల్లలు నన్నే చూస్తున్నారు.

మీరు పూచీ అని రాశారు. నమ్మాను. మా ఇంట్లో చదివినదాన్ని నేనొక్కదాన్నే, నా తర్వాత ఇంట్లో తెలుగు అక్షరం తెలిసింది మీకే అని ధైర్యంగా ఉన్నాను. మీకు ఆయన మావగారు. గోల చేసే ముసలాయన, చూడటానికి బాగుంటాడు. నాకు నాన్న. ఆ తేడా మీకు ఈ జన్మకి తెలియదు.

ఆయనకేమైనా అయి ఉంటే ఇక ఆ ఇంటికి నన్ను పిలవకండి.

భానుశ్రీ

*

కచాల్,
ఫిబ్రవరి 21

వదినా,

ముందుగా ఒక్కటి. మొన్న నేను రాసిన ఉత్తరం ఇంకా విప్పకపోతే విప్పకు. పొయ్యిలో వేసెయ్. ఓడ వెళ్ళిపోయింది. తిరిగి తెచ్చుకునే దారి లేదు.

ఈరోజు మూడో పీరియడులో కానిస్టేబులు వచ్చాడు. గేటు తీసి, టోపీ సర్దుకుని, మెల్లగా నడుస్తున్నాడు. అంత మెల్లగా ఎందుకు నడుస్తున్నాడో అనిపించింది. పిల్లల్ని ఎక్కాలు గట్టిగా చెప్పమన్నాను, ఆయన మాట నాకు వినపడకూడదని. ఆయన గుమ్మంలో నిలబడి ఏదో అంటున్నాడు. పిల్లలు రెండో ఎక్కం అరుస్తున్నారు. చివరికి కాగితం నా బల్ల మీద, కొబ్బరికాయ పక్కన పెట్టి, "మేడమ్, పఢ్ లీజియే. యే సబ్ వైర్‌లెస్ పే నహీ భేజ్‌తే" అని, ఇలాంటివి వైర్‌లెస్‌లో పంపరని విసుక్కున్నాడు. విసుక్కున్నాడంటే చావు కాదు. అప్పుడు చదివాను.

"తాతబ్బాయి ఓడ ఎక్కాడు. 2–1."

ఇది ఎవరి పనో తెలుసు. వీరేంద్ర. మన ఊళ్ళో పోలీసు వైర్‌లెస్ సెట్టు దగ్గర డ్యూటీ, ఆదివారం మన గోలు కీపరు. చావు కబురు పంపే మిషను మీద స్కోరు పంపాడు. నేను నవ్వాను. తర్వాత బ్లాక్‌బోర్డు వైపు తిరిగి చాలాసేపు ఏదో రాస్తున్నట్టు నిలబడ్డాను.

సాయంత్రం నీ ఉత్తరం కూడా వచ్చింది, పద్నాలుగో తారీఖుది. రాముడు కమోర్తాలో దిగేటప్పుడు ఆ సంచీ ఓడలోనే మర్చిపోయాడట. అది ఆఖరి రేవు క్యాంప్‌బెల్ బే దాకా వెళ్ళి తిరిగొచ్చింది. అది మూడు రోజుల ముందే వచ్చి ఉంటే నేను ఆ ఉత్తరం రాసేదాన్ని కాదు. రాసేదాన్నేమో. నిజం చెప్పాలంటే నాకు ఇంకా కోపంగానే ఉంది. రక్తం పడిందా లేదా? ఎంత పడింది? మీరందరూ ఏం చూస్తూ నిలబడ్డారు?

కానీ ఆ ఉత్తరంలో నీ గురించి రాసినవి మాత్రం తప్పు. ఆ మాటలు నావే, ఇంకెవరి మీదా నెట్టలేను.

భాను

*

ప్రోతరాపూర్,
మార్చి 12

భానూ,

నీ రెండు ఉత్తరాలూ వరసగానే అందాయి. మొదటిది పొయ్యిలో వెయ్యమన్న మాట రెండోదాంట్లో ఉంది కాబట్టి, అప్పటికే చదివేశాను. అందులో నన్ను మీరు అన్నావు. మిగతా తిట్లు మర్చిపోయాను, అది మాత్రం రెండు రోజులు లోపల తిరిగింది. ఇంకెప్పుడూ అనకు. తిట్టాలంటే నువ్వు అనే తిట్టు.

ఆపరేషను అయింది. మనిషి బాగున్నాడు. లేచి నడుస్తున్నాడు. మాట లేదు. మీ అన్నయ్య రోజూ వైజాగ్ నుంచి ఫోను చేస్తున్నాడు. మావయ్య మెడ దగ్గర గొట్టంలోంచి ఊపిరి శబ్దం ఫోన్లో వినిపిస్తుంది. మొదటిరోజు భయపడ్డాను. ఇప్పుడు ఆ శబ్దం వినపడకపోతే భయం.

నువ్వడిగింది చెప్తాను. దాచను.

శుక్రవారం సినిమాలో ఏ గొడవా లేదు. విలన్ని తిట్టాడు, ఈల వేశాడు, ఇంటర్వెల్లో మూడు సమోసాలు తిన్నాడు. శనివారం సంగతి నీకు బేబీరాణి చెప్పింది. ఓడ ఎవడెక్కుతాడు అన్నది నిజమే. అక్కడ పుట్టినరోజు, ఎవరూ మొహం వేలాడెయ్యకూడదని అన్నాడు. దారిలో ఆటోలో "బేరం బేరమే అమ్మీ" అని నాకు మళ్ళీ చెప్పాడు.

ఆదివారం. మనవాళ్ళు ఒక గోలు ముందున్నారు. అసిరయ్య గారి అబ్బాయి దగ్గరికి బాలు వచ్చింది, వాడు కాలితో అటూ ఇటూ సవరదీస్తున్నాడు. మావయ్య లేచి నిలబడ్డాడు. "బంతిని నిమురుతావేట్రా, మేకపిల్లా అది? తన్..."

తన్ను అనలేదు. సగంలో ఆగిపోయింది. నేను ముందు నవ్వాను, మాట మింగి ఆటపట్టిస్తున్నాడనుకుని. తర్వాత తువ్వాలు చూశాను.

ఎంత రక్తమంటే, తువ్వాలు సగం తడిసేంత. ఆ క్షణంలో నువ్వు రాసినవన్నీ నిజమే అనిపించాయి. నేనే చంపేశాననుకున్నాను. నా పూచీ, నా తెలివి, అన్నీ ఆ తువ్వాలు మీద కనపడ్డాయి. కాబట్టి నీ కోపం తప్పని నేను అనను.

గ్రౌండు మొత్తం ఆగిపోయింది. ఎవరూ చెప్పలేదు. ఆయన అరుపు ఆగేసరికి ఆడేవాళ్ళకి ఏదో అయిందని తెలిసిపోయింది. వీరేంద్ర గోలు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. అప్పటికి బాలు డాలీగంజ్ కుర్రాడి కాళ్ళ దగ్గరికి వచ్చింది, ఎదురుగా ఖాళీ గోలు. వాడు బాలు మీద కాలు పెట్టి నిలబడిపోయాడు. అది బేబీరాణి తమ్ముడే. ఆమె చూడకుండా వెళ్ళిపోయింది పాపం.

మావయ్య ఊపిరి తీస్తున్నాడు, ఈల లేదు. నోరు తెరిచాడు, ఏమీ రాలేదు. చెయ్యి ఊపాడు, ఆడండి అని. ఎవరూ కదల్లేదు. మళ్ళీ ఊపాడు. పక్కన పిల్లలు డప్పులా వాయించుకుంటున్న ఖాళీ నూనె డబ్బా ఉంది. దాన్ని లాక్కుని, కర్రతో ఠపీమని ఒక్కటి కొట్టాడు. వీరేంద్ర ఉలిక్కిపడి గోల్లోకి పరిగెత్తాడు. ఆట మొదలైంది.

మేం ఆట చూడలేదు. ఆయన్ని ఆటోలో పడుకోబెట్టాం, మీ అన్నయ్య తోలిన తోలుడు నేను జన్మలో మర్చిపోను, కడుపులో పిల్ల కూడా మర్చిపోదు. డబ్బా వదల్లేదు మావయ్య. డాక్టరమ్మ ఏదో మందు పెట్టి రక్తం ఆపింది. ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరి ఆగేదని నావైపు చూసి అంది. ఓడ దాకా ఆసుపత్రిలోనే ఉండమంది. ఆ రాత్రి ఇండియా మ్యాచ్ మీ అన్నయ్య ఫోన్లో చూశాడు. నర్సు డబ్బా లాగేసుకుంది. చెంచాతో మంచం ఇనుప కమ్మీ మీద కొట్టాడు. ఫోరుకి ఒకటి, సిక్సుకి రెండు. పక్క మంచం ముసలమ్మ, "ఏ భాయి, ఔట్ హువా తో కిత్‌నా?" అని, అవుటైతే ఎన్ని దెబ్బలో అడిగింది.

అప్పుడు అత్తయ్య అంది. "నీళ్ళకి ఒకటి కొట్టు. నొప్పికి రెండు. నన్ను పిలవాలంటే ఇలగ" అని చెంచా తను తీసుకుని, చిన్నగా, ఆగి ఆగి కొట్టి చూపించింది. మావయ్య అలాగే కొట్టాడు. తెల్లారేసరికి వాళ్ళిద్దరికీ అందరి పేర్లూ వచ్చేశాయి. మీ అన్నయ్య పేరు కంగారుగా ఉంటుంది. నాది గాజుల చప్పుడులా ఉంటుంది. నీ పలక ఇప్పటికీ దేవుడి దగ్గరే ఉంది. దాని అవసరం వేరే ఉంటుందిలే, నా బిడ్డకి.

సోమవారం ఓడ కదల్లేదు. సముద్రం బాగోలేదని రెండు రోజులు ఆపారు. ఆ రెండు రోజులూ నాకు ప్రాణం పోయింది. బేరం సోమవారానికే కదా, దాటిపోయిందంటే ఏం చెయ్యాలి? బుధవారం ఓడ మెట్ల దగ్గర ఆయన నిజంగానే ఆగిపోయాడు. ముఠా వాళ్ళందరూ పని ఆపి వచ్చి నిలబడ్డారు. వెనక జనం తోసుకుంటున్నారు. మీ అన్నయ్య చెయ్యి పట్టుకుంటే విదిలించాడు. అత్తయ్య అప్పటికే పైకి వెళ్ళిపోయింది. డెక్కు మీద నుంచి కిందికి చూసింది. చంకలో ఉన్న డబ్బా తీసి, తన పేరు కొట్టింది. చిన్నగా, ఆగి ఆగి.

ఆయన ఎక్కాడు.

నీ పేరుకి ఏం పెట్టుకున్నారో నేను చెప్పను. మేలో ఓడ దిగినప్పుడు నువ్వే వినుకో. అప్పటికి నేను బారువలో ఉంటాను, మా అమ్మ పురిటికి తీసుకెళ్తానంటోంది. నాకు రాయాలి సుమా.

నిన్ను తిట్టుకోని
వదిన

*

ప్రోతరాపూర్,
మే 9

వదినా,

ఫోను చెయ్యొచ్చు, ఇక్కడ గీతలన్నీ ఉన్నాయి. కానీ ఇది నోటితో చెప్పలేను. రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను.

నిన్న పొద్దున్న హాడోలో ఓడ ఆగింది. నాకు ఎప్పుడూ లేని భయం వేసింది. దిగితే ఎవరూ పిలవరు. జనం, కూలీలు, ట్రాలీలు, "హటో హటో" అని కేకలు, క్రేను చప్పుడు. అంత గోలలో నాకు మాత్రం జెట్టీ ఖాళీగా అనిపించింది. మెట్ల మీద నా పక్కన మా స్కూలు పిల్లాడి తల్లి కామమ్మ ఉంది. "టీచరమ్మా, మీ వాళ్ళెవరూ రాలేదా?" అంది. వచ్చే ఉంటారు అన్నాను.

అప్పుడు వినిపించింది. ఠప్. తర్వాత గబగబా ఒక వరస, ఆగకుండా, చాలాసేపు. కొంచెం ఆగి మళ్ళీ. ఠప్. వరస.

మొదట ఎవరో డబ్బా కొడుతున్నారనుకున్నాను. మూడోసారి తెలిసింది, వదినా. అది "భానూ... ఊ..." అన్న పిలుపే. ముందు ఒక దెబ్బ, వెనక పొడుగ్గా ఆ దీర్ఘం. చిన్నప్పటి నుంచీ సంచీ అడ్డం పెట్టుకుని విన్న అదే పిలుపు. ఊపిరి అక్కర్లేదు కాబట్టి ఇప్పుడు దీర్ఘం ఇంకా పొడుగైంది.

గేటు దగ్గర గార్డు, "ఏ చాచా, డబ్బా బంద్ కరో!" అంటున్నాడు. నాన్న వాడి వైపు చూడకుండా కొడుతున్నాడు. మెడ చుట్టూ తెల్లటి గుడ్డ. సగం మనిషయ్యాడు. పక్కన అమ్మ గార్డుతో, "నీకేటి బాబూ, కూతుర్ని పిలుసుకుంటన్నాడు" అంటోంది. అన్నయ్య సిగ్గుపడి ఆటో వెనక నిలబడ్డాడు, నేను నిలబడాల్సిన చోట.

నాన్న జనంలో నన్ను వెతుకుతున్నాడు. నేను ఆయనకి కనపడలేదు. కొడుతున్నాడు, వెతుకుతున్నాడు. ఇదివరకు నేను జవాబివ్వకపోయినా ఆయనకి ఫరవాలేదు, దొరికేదాకా అరిచేవాడు. నిన్న ఆయన మొహం వేరేగా ఉంది. ఈ చప్పుడు నాకు తెలుస్తుందో లేదో అని చూస్తున్నాడు.

నేను పుట్టి ఇన్నేళ్ళలో ఎప్పుడూ గట్టిగా అరవలేదు. క్లాసులో కూడా బల్ల మీద స్కేలు కొడతాను. సంచీ కామమ్మ చేతిలో పెట్టి, మెట్ల మధ్యలో ఆగిపోయి అరిచాను.

"నాన్నా! ఇనబడింది! వస్తన్నా!"

కామమ్మ చెవి మూసుకుంది. క్రేను దగ్గర బస్తాలెత్తుతున్న ముఠా మొత్తం తలెత్తి చూసింది. వాళ్ళలో ఎవరో ముసలాయన, "అరే, యే తో తాతబ్బాయి కీ ఆవాజ్ హై!" అన్నాడు, నా గొంతులో నాన్న గొంతు పోల్చుకుని.

డబ్బా ఆగిపోయింది.

నీ మరదలు
భాను

తా.క. నీ బిడ్డ పేరుకి కూడా నాన్న చప్పుడు పెట్టేశాడు. నేను చెప్పను. ఓడ దిగినప్పుడు నువ్వే వినుకో.